చిటికి

గురువారం గురువారం కిస్తీ వసూలుకు పోత
గట్టుప్పల నేతగాళ్ల గల్లీకి.
రాపోలు అండాలమ్మ గడప కాడ
నా సంచి కొంచెం ఎక్కువసేపు ఆగుతది.

ఈసారి ఆమె లేదనలే, ఉందనలే.
"కూసో" అన్నది.
పాత సైకిల్ ట్యూబును దారమంత సన్నగ కోసి
నూలుకు చిటికి కడుతనే ఉన్నది.
పెనిమిటి దగ్గుతోని పోయి పదకొండు నెలలు.
మగ్గం గుంటల పిల్లి ఈనింది.

"బాధ లేదా అమ్మా?"
అడగొద్దుండె. అడిగిన.
పొద్దున మేనేజర్ తిట్టిన తిట్టు
నా అంగి జేబుల ఇంకా వేడిగనే ఉన్నది.

"రంగు గంగాళం మొఖం చూడదు కొడుకా,
ముంచితే అంతా ముంచుతది.
కట్టిన కాడికి రాదు,
కట్టని కాడ ఆగదు."

"మరి మొత్తం కట్టేసుకుంటే?"

నవ్వింది. ముందటి పన్ను లేదు.
"కట్టుకున్న. ఆరు నెలలు.
తెల్లగ మిగిలిన,
పీనుగ మీది గుడ్డ లెక్క."

అని, ఆరిన నూలుకున్న ముడి ఒకటి విప్పింది.
ఎరుపుకు తెలుపుకు నడుమ
గీత లేదు, వణుకు ఉన్నది.
రంగు కొంచెం పాకి
ఏదో గుర్తొచ్చి ఆగిన చోటు.

"గిది ఉంటేనే చేతిపని.
తిన్నగుంటే మిషన్‌ది."

సగం కిస్తీ ఇచ్చింది.
రసీదు రాస్తుంటే నా బొటనవేలికి ఎరుపు.
ఫోను మోగుతనే ఉన్నది, మేనేజర్.
ఎత్తాల్నా వద్దా అని
మొదటిసారి నన్ను నేనే అడుక్కున్న.

బస్సు చండూరు దాటినంక
ఎత్తిన.