ఓటిస్ ఈతకెళ్ళాడు

బుధవారం పొద్దున ఏడింటికి
ఫెర్న్‌హర్స్ట్ గ్రోవ్‌లో నా ట్రక్కు ఆగింది.
ఇల్లు హెండ్రీలది.
అందులో ఎవరో హాయిగా కాపురముంటున్నట్టు
నమ్మించడం నా పని.

హెండ్రీలు విడిపోయారు.
సోఫా ఆయన పట్టుకెళ్ళాడు, కుక్కను ఆవిడ.
మిగిలినవి కార్పెట్ మీద నాలుగు గుంటలు,
తడి కుక్క వాసన.
గుంటల్లో ఐసు ముక్కలు పెట్టాను.
అవి కరిగేసరికి నూలు లేచి నిలబడింది,
పదకొండేళ్ళు ఇక్కడెవరూ కూర్చోనే లేదన్నట్టు.
వాసన మాత్రం రాత్రిదాకా మొండికేసింది.

తర్వాత నా సామాను దించాను.
గిన్నెలో తొమ్మిది నిమ్మకాయలు.
బేసి సంఖ్య కంటికి నిండుగా ఉంటుంది.
పుస్తకాలు రంగుల వరసలో,
ఎవరూ చదవని నీలం పక్కన ఎవరూ చదవని తెలుపు.
మంచం మీద ఏడు దిండ్లు.
ఇద్దరి నిద్రకి ఏడు ఎందుకని
ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఈ వీధి మధ్యలో ఒక గీత ఉంది, కంటికి ఆనదు.
ఇటువైపు పిల్లలకి ఆ హైస్కూల్లో సీటు,
అటువైపు వాళ్ళకి లేదు.
అవే చెట్లు, అవే చెత్తడబ్బాలు,
రెండు పక్కలా అదే మాగ్‌పై అరుస్తుంది.
ఇటు ఇల్లు మూడు లక్షల డాలర్లు ఎక్కువ.
పక్షికి తెలీదు.
ఏజెంటు లాక్లన్‌ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

గురువారం చూసేవాళ్ళు వచ్చారు,
బూట్లకి నీలం సంచులు తొడుక్కుని.
కుళాయిలు తిప్పారు, అల్మరాలు తెరిచారు,
ఒకాయన పుచ్చకాయని తట్టినట్టు గోడని తట్టి
చెవి దగ్గరపెట్టి విన్నాడు.
ఆయన కొడుకు ఎమిన్, ఆరేళ్ళుంటాయి,
పిల్లల గది గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇది ఎవరి గది?"
ఎవరిదీ కాదనడానికి నోరు రాలేదు.
"ఓటిస్‌ది."
"ఎక్కడ?"
"ఈతకెళ్ళాడు."
"ఎప్పుడొస్తాడు?"
నేను దుప్పటి అంచు సర్దుతూ ఉండిపోయాను.
అప్పటికే అది సరిగానే ఉంది.

శనివారం వేలం.
కాఫీ కప్పులతో, కుక్కలతో వీధంతా దిగింది.
కొనడానికి కాదు,
ఎవరింటి ధర వాళ్ళు వినడానికి.
లాక్లన్ అంకె పెంచుతుంటే
ఉన్నచోటే నిలబడి, కాఫీ చల్లారకముందే
అందరూ ఇంకాస్త ధనవంతులయ్యారు.
ఎదురింటి విన్సమ్ పార్జిటర్
"పాపం ఈకాలం కుర్రాళ్ళు ఇళ్ళెలా కొంటారో" అంది.
మూల స్థలంలో ఫ్లాట్లు వద్దంటూ
మొన్న తిరిగిన కాగితం మీద
మొదటి సంతకం ఆవిడదే.

ఎమిన్ నాన్న మూడుసార్లు చెయ్యెత్తాడు.
నాలుగోసారి అది సగం లేచింది,
భార్య మెల్లగా మోచెయ్యి పట్టుకుంది.
ఇరవై ఒక్క లక్షల నలభై వేలు.
గెలిచినాయన ఫోన్‌లో ఉన్నాడు,
ఇల్లు లోపలినుంచి చూడలేదట.
వీధి చప్పట్లు కొట్టింది.
ఎమిన్ మేడ మీది కిటికీ వంక చూస్తున్నాడు.

సోమవారం సామాను సర్దుతుంటే
చిన్న మంచం దిండు కింద ఆకుపచ్చ కారు దొరికింది,
మూడు చక్రాలది.
చీటీ మీద వంకర అక్షరాలు:
"ఓటిస్, నువ్వు ఆడుకో.
మేం వచ్చాక ఇచ్చెయ్."

నా సామాను జాబితాలో
నిమ్మకాయలకి కూడా నంబరుంది, దీనికి లేదు.
గంట దూరం రైల్లో,
నేను అద్దెకుంటున్న రెండు గదుల దాకా
అది జేబులో గుచ్చుకుంటూనే ఉంది.
మా ఇంట్లో దిండ్లు రెండు.
సోఫా కింద గుంటలు ఎన్నున్నాయో ఎప్పుడూ చూడలేదు.

మళ్ళీ బుధవారం. ఇంకో ఇల్లు, గీతకి అటువైపు.
పిల్లల గది కిటికీ గట్టు మీద కారు పెట్టాను.
లాక్లన్ వచ్చి చూసి ముఖం చిట్లించాడు.
"విరిగింది కదా. తీసెయ్."
"తీయను," అన్నాను, "ఇంకొకరిది."
"ఎవరిది?"
దిండు దులిపి, నిలబెట్టి,
నడుమ చేత్తో చిన్న నొక్కు నొక్కాను,
ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.