కుంటిది పొడిచేదాకా

ఒమన్ కొండల్లో మా ఊరు సిద్రా.
రాత్రిళ్ళు మా నీళ్ళకు గడియారం లేదు,
చుక్కలున్నాయి.

తూర్పు గట్టు మీద రాళ్ళ గుట్టలు పేర్చి ఉంటాయి.
ఏ గుట్ట వెనక ఏది పొడుస్తుందో
ఖల్ఫాన్ తాతకు తెలుసు.
మసీదు గోడకు వీపు ఆనించి
ఒంటె ఉన్ని దుప్పటి మోకాళ్ళ దాకా లాక్కుని
నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు,
కునికితే తొడ మీద గిల్లడానికి
రెండు వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని.

షిరా పొడిస్తే కాలవ హమూద్ ఖర్జూరాలకు మళ్ళాలి.
ఆకాశం మొత్తంలో దానంత వెలుగుది లేదు.
ఎరుపూ నీలమూ కక్కుతూ వస్తుంది,
నిద్రమొహం వాడికైనా కనబడుతుంది.
అన్న కోసం పాలపుంత ఏరు ఈది వచ్చిందట.
ఆ అన్న సుహైల్,
దక్షిణాన, నేలకు అంటుకుని,
ఆలస్యంగా వస్తాడు, తొందరగా పోతాడు,
బయట బండి ఆపి వచ్చిన చుట్టంలా.

సుహైల్ పొడిస్తే జువైనా వంతు.
ఏడు నిమ్మచెట్లు, ఒక మడి వెల్లుల్లి,
మొగుడు పోయాక మిగిలింది అంతే.

ఆమె వంతు ముగిసేది మాత్రం
ఏ పుస్తకంలోనూ పేరు లేని చుక్కతో.
మా ఊళ్ళో దాన్ని కుంటిది అంటారు.
గట్టు మీద నిలవలేనట్టు పక్కకు ఒరిగి వస్తుంది.
సూటిగా చూస్తే ఉండదు.
కాస్త పక్కకు చూడాలి,
సిగ్గరి పిల్లాణ్ణి పలకరించేముందు చూసినట్టు.
అది పొడిచేదాకా
చుక్కచుక్కా జువైనాదే.
"గట్టు దాటాక షిరా అయినా కుంటిదైనా ఒకటే,"
అనేవాడు తాత.

ఆ చలికాలం మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి
మసీదు ముందు దీపస్తంభం పాతారు.
పిల్లలు దాని కింద బంతాట ఆడారు.
నమాజు తర్వాత ఎవరి చెప్పులు వాళ్ళకే దొరికాయి.
అందరం సంతోషించాం.
ఆకాశంలో షిరా మిగిలింది, సుహైల్ మిగిలాడు,
ఇంకో నాలుగైదు.
మిగతావాటిని దీపం తినేసింది.

జువైనా తర్వాతి వంతు మతర్‌ది.
పార భుజాన వేసుకుని వచ్చాడు.
"కుంటిది ఎప్పుడో పొడిచింది.
మీకు కనబడటం లేదంతే."
"పొడవలేదు," అంది జువైనా,
గోరువెచ్చటి కాలవలో పాదాలు పెట్టుకుని.
ఆమె తల ఎత్తలేదు.

తాత వాళ్ళిద్దరికీ జవాబు చెప్పలేదు.
ఖర్జూరాలు నింపే ఈతాకు సంచి ఒకటి తెచ్చి
మతర్ చేతిలో పెట్టాడు.

చెట్టెక్కడంలో సిద్రాలో మతర్‌ను మించినవాడు లేడు.
కానీ ఇనప స్తంభానికి మట్టలుండవు కదా.
నడుముకు తాడు, పళ్ళ మధ్య సంచి,
తిట్లు ముక్కులోంచి.
రెండుసార్లు జారాడు.
మూడోసారి సంచి దీపం నెత్తిన కూర్చుంది.

చీకటి పడలేదు, ఎవరో కుండ బోర్లించినట్టు కురిసింది.
అన్నీ వచ్చేశాయి, పేర్లున్నవీ లేనివీ,
దగ్గరగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"ఇక్కడినుంచి నాకే ముందు కనబడుతుంది!"
పైనుంచి అరిచాడు మతర్.
"నీకు కనబడితే లెక్క కాదు," అన్నాడు తాత.
"నేల మీద కూర్చున్నవాడికి కనబడాలి."

నేను గట్టు వైపు చూడలేదు.
మతర్‌ను చూశాను.
తల అటూ ఇటూ తిరుగుతోంది.
ఒకచోట ఆగిపోయింది.
నోరు తెరిచాడు.
మూసుకున్నాడు.

చలిగాలిలో స్తంభాన్ని కావలించుకుని
మాడుతున్న ఖర్జూరాల వాసన పీలుస్తూ
ఎంతసేపున్నాడో నాకు తెలీదు.
కింద వెల్లుల్లి మడి
చివరి సాలు తడిసేంతసేపు.

తాత వేళ్ళు నా తొడ మీద గిల్లాయి.
నేను మేలుకునే ఉన్నాను.
"పొడిచింది."
జువైనా లేచి, తూముకు గుడ్డలు కుక్కింది.

మతర్ దిగాడు. అరచేతులు గీరుకుపోయాయి.
ఎవరూ అడక్కుండానే నాతో అన్నాడు:
"పైన అంతా మంచు. ఏమీ కనబడలేదు."

ఆ రాత్రి మంచు లేదు.