ఆరింటికి ఏడు

మా ఊరికి కృష్ణే తూర్పు గోడ.
ఈ ఒడ్డు దొరల గుంటూరు, ఆ ఒడ్డు నైజాం.
నడుమ ఇసుక తిప్ప ఎవరిదీ కాదు,
ఆ ఏడు దోసపాదు పెట్టినోడిది.

మా నాయనమ్మ హుసేనమ్మ
కల్దారు రూపాయి కొంగున ముడేసేది,
హాలీ రూపాయి రొంటిన దోపేది.
ఆరింటికి ఏడు.
బడి మెట్టు తొక్కని మనిషి
చీకట్లో వేళ్ళతో తడిమి మారకం చెప్పేది.

దూదేకులోళ్ళం, పరుపులు కుట్టి బతికినోళ్ళం.
అవతల ఉప్పు పిరమైన ఏడు
దూదిలో ఉప్పు పొదిగి పుట్టి ఎక్కించింది.
నాకా జవాను పరుపు గుచ్చి చూశాడు,
ఒత్తి చూశాడు, ఆఖరికి నాలిక పెట్టాడు.
"పసిపిల్ల తడిపింది సాయిబూ" అందంట.
వాడు ఉమ్మేసి వదిలేశాడు.
ఈ కథ చెప్పిన ప్రతిసారీ
జవాను మీసం ఇంకో బెత్తెడు పెరిగేది.

పీర్ల పండక్కి మాత్రం నాకా లేదు.
ఇటు పీర్లు, అటు పీర్లు తిప్ప మీద కలుసుకునేవి.
పిచ్చయ్య డప్పు మీద ఒక దెబ్బేస్తే
రెండు ఒడ్లూ తిరిగి కొట్టేవి.
మలీద ముద్దలో ఇసుక పంటికింద కరకరమనేది.

రజాకార్ల ఏడు గురించి ఆమె కథ చెప్పదు.
రాత్రిళ్ళు పుట్టి ఖాళీగా పోయి
నిండుగా వచ్చేదని,
దిగినోళ్ళలో ఒకామె మా గడప ముందు ఆగి
"మీరు తురకలా?" అని అడిగిందని,
తెల్లారేదాకా నిలబడే ఉందని,
తెల్లారాక మా కుండలో నీళ్ళు తాగిందని.
అంతే.
పంటితో దారం తెంపేది.

తర్వాత గీత చెరిపేశారు.
నాకాలో మేకల్ని కట్టాం.
హద్దురాయిని తాత పెరుక్కొచ్చి దొడ్లో వేశాడు.
ఒక పక్క కిరీటం, ఒక పక్క ఉర్దూ.
అమ్మ బట్టలు ఉతికీ ఉతికీ
రెండిటినీ ఒకే తీరున అరగదీసింది.

యాభై ఎనిమిదేళ్ళకు మళ్ళీ గీశారు.
ఇప్పుడు రేవులో నిలబడితే చాలు,
నా ఫోను పక్క రాష్ట్రానికి స్వాగతం అంటది.
చెక్‌పోస్టు కుర్రాడు సీసాల కోసం
అందరి సంచులూ దేవుతుంటాడు.
నిన్న నా సంచిలో చెయ్యి పెట్టాడు.
పాత దూది, దబ్బనం, నాయనమ్మ పరుపుగుడ్డ.
"ఏంటవ్వా ఇందులో?"

నాలిక పెట్టి చూడు నాయనా అందామనుకున్నా.
మీసం కూడా సరిగ్గా రాలేదు వాడికి.