జనాభా లెక్కల రాత్రి

గ్రిమ్స్‌బీ గ్రంథాలయం మేడ మీద, మంగళవారాలు,
మైక్రోఫిల్ము చక్రం తిప్పుతూ కూర్చుంటాను.
ముప్పై ఒక్క ఏళ్ళు చేపముక్కలకి రొట్టెపొడి అద్దిన చేతులివి.
యంత్రాల దగ్గర మసలడం తెలుసు, వేగమూ తెలుసు.
ఇక్కడ వేగం పనికిరాదు.

మా మేనత్త కెటూరా చెప్పేది,
"మనది సరంగుల వంశమే" అని,
కప్పుని సాసరు మీద టక్కుమని పెట్టి మరీ చెప్పేది.
ముత్తాత ఈనాక్ లెగాట్‌కి సొంత పడవట,
ఇత్తడి గడియారమట.
ఆ గడియారం ఎవరు అమ్ముకున్నారన్న దగ్గర
ఆవిడ గొంతు మారేది, టీ చల్లారేది.

పదేళ్ళకోసారి సర్కారు మనిషి తలుపు తట్టి
ఆ రాత్రి ఇంట్లో ఎవరెవరు పడుకున్నారో రాసుకుపోయాడు.
పద్దెనిమిది వందల ఎనభై ఒకటి:
సెలీనా, జాలరి భార్య, వలలు అల్లును. చంటిది ఒకతె.
తొంభై ఒకటి:
సెలీనా, జాలరి భార్య, వలలు అల్లును. పిల్లలు నలుగురు.
తర్వాతి పదేళ్ళకి ఆరుగురు.
మొగుడు మాత్రం ఏ లెక్కలోనూ ఇంట్లో లేడు.
డాగర్ తిన్నెల మీద ఎక్కడో వల లాగుతున్నాడు.
పడవ ఒడ్డునున్న ఆ మూడేసి రోజుల్లోనే
మేమంతా పుట్టుకొచ్చామన్నమాట.

ఇంకా వెనక్కి తిప్పాను.
పడవ లేదు. గడియారం లేదు.
పన్నెండేళ్ళ కుర్రాడు ఉన్నాడు.
పని చేస్తేనే గంజి పోసే వర్క్‌హౌస్ వాళ్ళు
రైలెక్కించి పంపిన కుర్రాడు.
ఇరవై ఒకటి నిండేదాకా పడవ యజమానికి కట్టుబడి ఉంటానని కాగితం.
సంతకం చోట నిశానీ,
ఒక గీత, దాని మీద అడ్డంగా ఇంకొకటి,
రెండోది కొస దగ్గర జారింది, వేళ్ళు కొంకర్లు పోయాయేమో.
ఇల్లే లేనివాడికి ఇంటిపేరు ఎవరు పెట్టారో
ఎక్కడా రాయలేదు.

మరో రీలులో, జనవరి నెల,
పడవెక్కనన్నాడు. ఎందుకో అడిగిన దాఖలా లేదు.
లింకన్ జైలు, పధ్నాలుగు రోజులు.
ఎత్తు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు.
కళ్ళు బూడిదరంగు. మెడ మీద కాలిన మచ్చ.
ఎడమచేతి చిటికెనవేలు వంకర.
వాణ్ణి అంత శ్రద్ధగా చూసినవాడు
ఆ జైలు గుమాస్తా ఒక్కడేనేమో.

నా ఎడమచెయ్యి దీపం కింద పెట్టి చూసుకున్నాను.
నాకూ వంకరే.
కానీ ఇది ఫ్యాక్టరీ తలుపులో నలిగిన వేలు, ఎనభై నాలుగులో.
వంశం మీదికి నెట్టలేను.

పైగా ఇంకో చిక్కుంది.
అదే ఏడాది, అదే రేవులో ఈనాక్ లెగాట్‌లు ఇద్దరు.
అదే వయసు. అదే వర్క్‌హౌస్.
గుమాస్తా దగ్గర పేర్లు అయిపోయి ఉంటాయి.
ఒకడు పదహారో ఏట
బకెట్టుతో నీళ్ళు తోడబోయి సముద్రంలో పడ్డాడు.
"అల తీసుకుపోయింది" అని రాసి యజమాని సంతకం చేశాడు,
ముత్యాల్లాంటి దస్తూరి.
రెండోవాడు బతికి సెలీనాని చేసుకున్నాడు.
జైలుకి వెళ్ళింది ఎవడో
ఏ కాగితమూ చెప్పదు.

మూసే వేళయిందని చెప్పడానికి వచ్చిన కుర్రాడు
నా వెనకాలే నిలబడి తెర చదివి,
ఏమీ అనకుండా ఇంకో దీపం ఆర్పడం మానేశాడు.
ఇద్దరి నకళ్ళకీ డబ్బు కట్టాను.

వంటింటి బల్ల మీద వంశవృక్షం పరిచాను.
గడి ఒకటే ఉంది.
పక్కన పెన్సిల్‌తో ఇంకోటి గీశాను, కాస్త చిన్నదైంది.
దాని నుంచి కిందికి గీత లేదు.

అత్తా, మనం సరంగులం కాము.
పడవెక్కనన్నవాడి మనుషులం,
అయ్యుంటే బాగుణ్ణు.