పదిహేడు నిమిషాలు

గొరగుంటెపాళ్య ఫ్లైఓవర్ పక్క బంకులో
తెల్లవారుజాము మూడూ నలభై ఒకటి.
గవిసిద్ధప్ప పైపు తగిలించి, బిల్లు చింపి,
దాని వెనక తన పేరు రాస్తాడు, కన్నడంలో.
మన అక్షరాలే;
తలకట్టు దగ్గర మాత్రం పక్కింటివాళ్ళు.

పదహారు వందల కిలోమీటర్లు. ఇరవై నాలుగ్గంటలు.
పూనా ముంగిట ఖేడ్ శివాపుర్ టోల్‌గేటు దాకా పోయి
మళ్ళీ ఈ పైపు దగ్గరికే రావాలి.
"అక్కడేముంది సార్?" అనడిగాడు మొదటిసారి.
టోల్‌గేటుంది, అన్నాను.

ఇందుమతి ఎక్కడికని అడగడం ఎప్పుడో మానేసింది.
ఎన్నింటికని మాత్రం అడుగుతుంది,
వేయించిన శనగలూ బెల్లం ముక్కలూ
ట్యాంకు మీది సంచిలో కుక్కుతూ.

పీణ్యాలో నా పని
మిల్లీమీటరుని నూరు ముక్కలు చేయడం.
పంతొమ్మిదేళ్ళుగా అదే లేత్, అదే కిటికీ,
కిటికీలోంచి అదే గోడ.
అందుకే దూరమంటే ఆకలి, అని చెబుతుంటాను
అడిగినవాళ్ళకి. నమ్మకండి.
అసలు సంగతి నాకూ సరిగ్గా తెలీదు.
శిరా దాటాక ఇంజను చప్పుడు
ఒకచోట కుదురుకుంటుంది,
పాలు పొంగబోయి ఆగినట్టు.
దానికోసమే కావచ్చు.

ఊళ్ళు చూడ్డానికి పోయేవాళ్ళు వేరు.
నాకు ఊళ్ళన్నీ ముక్కుతోనే పరిచయం.
బ్యాడగి మలుపు దగ్గర ఎండుమిరప,
నిప్పాణిలో పొగాకు,
కొల్హాపూర్ దాటుతుంటే కాగే బెల్లప్పాకం.
ప్రతి టోల్‌గేటుకీ ఎడమ అంచున
భుజాలు పట్టేంత సందు మాది.
ఎవడూ ఆపడు. ఎవడూ తలెత్తి చూడడు.

మధ్యాహ్నం రెండున్నర.
మీటరుకి ఒక ఫోటో, గొంతులోకి రెండు గుక్కలు,
బండి మొహం దక్షిణానికి.
ఏడు వారాలు కలగన్న చోట
నేను నిలబడ్డది ఆరు నిమిషాలు.

కరాడ్ దగ్గర వాన
చేతి తొడుగుల్లో చేరి అక్కడే కాపురం పెట్టింది.
ధారవాడ దాటాక చీకటి.
హెల్మెట్‌లో నేనొక్కణ్ణే బడి పెట్టుకుని
పదమూడో ఎక్కం అప్పజెబుతాను.
నాకు నేను పెట్టుకున్న రూలొకటే:
పదమూడు తొమ్మిదులు దగ్గర
జవాబు రాకపోతే, దిగాలి.

చిత్రదుర్గ గాలిమరల మీద
ఎర్రదీపాలన్నీ ఒక్కసారే రెప్ప వేశాయి.
వాటితో పాటు నేనూ వేశాను.
పదమూడు ఎనిమిదులు నూట నాలుగు.
పదమూడు తొమ్మిదులు...
పదమూడు తొమ్మిదులు...

హిరియూరు పొలిమేరలో మూసిన ఎళనీరు కొట్టు.
బల్ల మీద, జాకెట్‌తోనే, హెల్మెట్ తలకింద.
పది నిమిషాలనుకున్నాను.
కుక్క ఒకటి బూటు వాసన చూస్తుంటే లేచాను.
నోట్లోంచి మొదట వచ్చిన మాట,
నూట పదిహేడు.

మూడూ యాభై ఎనిమిది. అదే పైపు.
గవిసిద్ధప్ప బిల్లు చూశాడు, నన్ను చూశాడు.
"టైము నేను రాస్తాను కదా సార్,
పెన్ను నా చేతిలోనే ఉంది కదా."
వెంట్రుక మందం తప్పిన ఇనుముని
చెత్తబుట్టలో వేసే చేయి నాది.
వద్దన్నాను.
పేరొక్కటే రాశాడు, ఎప్పటికంటే కొంచెం పెద్దగా.

ఇంట్లో బిస్కెట్ల డబ్బా ఒకటుంది.
పాత బిల్లుల మీద అచ్చు వెలిసిపోయింది.
ఏ ఊరో, ఎన్ని లీటర్లో, గెలిచానో లేదో
ఇప్పుడు ఏ కాగితమూ చెప్పదు.
వెనక్కి తిప్పితే నీలం సిరాలో
గవిసిద్ధప్ప, గవిసిద్ధప్ప, గవిసిద్ధప్ప.

ఎనిమిదింటికి షిఫ్టు.
చొక్కా గుండీలు ఇందుమతి పెట్టింది.
మైక్రోమీటరు పట్టుకున్నాను కానీ
వేళ్ళింకా రాలేదు;
నిప్పాణి దగ్గరెక్కడో
వణుకుతూ వస్తున్నాయి.