కొంచెం బరువు

మార్చి అయినా వయోమింగ్‌లో మంచు మూడడుగులు.
గరాజులో హీటరు గురక.
డెల్మర్ కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు.
చీమ తలంత స్ప్రింగు
పట్టకారు జారి ఎగిరి
ఏ మూల నక్కిందో,
మోకాళ్ళ మీద, అయస్కాంతంతో, గంటసేపు.

పోయిన శనివారం పోటీలో
మూడో తూటాకే ఇరుక్కుంది పిస్తోలు.
మీట లాగలేక
నెడ్రా దాన్ని బల్ల మీద పెట్టేసింది.
"కీళ్ళు" అంది. అంతే.

పసిపాప గోళ్ళు తీస్తున్నట్టు
సానరాతి మీద ఉక్కుముక్క:
ఒక రుద్దు, ఒక తుడుపు,
దీపం కిందికి ఒక చూపు.
అరిగింది మళ్ళీ మొలవదు.

ఖాళీ పిస్తోలు. గోడకేసి.
టిక్.
చేపలు తూచే కొక్కెం
ఆరు నుంచి నాలుగుకి దిగింది.

"ఇంకా తగ్గించనా?"

"వద్దు," తలుపు సందులోంచి నెడ్రా.
"లాగుతున్నానని
నా వేలికి తెలియాలి."