తాలు కాయలు

మందుకు పేరు లేదు.
రెండు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు,
చల్లదనం తప్పితే నల్లబడే చిన్న గడి.

దీవెనమ్మకీ ఇక్కడ పేరు లేదు. సున్నా ఏడు.
కీమో రెండుసార్లు పెట్టారు,
రెండుసార్లూ మూడో నెలకే తిరగబెట్టింది.

పదిహేడు పేజీల అంగీకార పత్రం చదివి వినిపించాను.
‘పనిచేస్తుందో లేదో మాకూ తెలియదు’ అన్నచోట ఆపి
మళ్ళీ చదవమంది.
వేలిముద్ర వద్దు, సంతకమే పెడతానంది.
గుంటూరు మిర్చియార్డులో ముప్పై ఏళ్ళు తొడిమలు తీసిన వేళ్ళు
పెన్నునీ కాయను పట్టినట్టే పట్టాయి.

నా పని లెక్క.
గాజుపలక మీద మూలుగ చుక్క,
మీట నొక్కుతూ రెండువందల కణాలు:
పండినవి, ముదరనివి.
‘తాలు ఏరడమేగా! నూటికెన్ని?’
అరవై రెండు.
‘ఆ టిక్కీ ఎవరూ కొనరమ్మా.’

ఇరవై ఎనిమిదో రోజు.
బయట రోహిణి కార్తె, యార్డుకు ఎండ సెలవులు.
నోటినిండా పుండ్లు, మజ్జిగ కూడా మంటే ఆమెకి.
రెండుసార్లు లెక్కపెట్టాను,
మూడోసారి పేరయ్యగారిని పిలిచి పెట్టించాను.
పంతొమ్మిది.
నయమైందని రాసే గడి కాదు.
దాని గడి వేరు: పాక్షికం.

నేను చెప్పకూడదు, డాక్టరుగారే చెప్పాలి.
వరండాలో ఆమె నా ముఖం చూసి
‘ఇంకా ఏరాలా?’ అంది.

ఏం అనలేదు నేను.
లోపల ఫ్రిజ్‌లో
సున్నా ఎనిమిది చీటీ అంటించిన సీసా
పొద్దున్నే వచ్చి ఉంది.